ప్రొఫైల్ అనే ఒక్క మాట

మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) పనిలో చేరిన కొత్తలో, దాని ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌లో ఆదేశాలు టైపు చేసే టీఎస్‌ఓలో నా డేటాసెట్ (ఫైలు లాంటిది) పేరును కొటేషన్ గుర్తులు లేకుండా ఇచ్చిన ప్రతిసారీ, అది కేటలాగ్‌లో (డేటాసెట్లు ఎక్కడున్నాయో చెప్పే సూచికలో) లేదన్న జవాబే వచ్చేది. జాబితాలో మాత్రం అది నా కళ్లెదుటే నిక్షేపంగా కనిపించేది. మధ్యాహ్నమంతా అక్షరదోషాలు వెతుక్కున్నాను. చివరికి పక్క సీటులోని సీనియర్ ఒకరు, "ముందు ప్రొఫైల్ అని కొట్టి చూడండి" అన్నారు.

వెనుక ఏ ఆపరాండూ (ఆదేశానికి జోడించే వివరం) లేకుండా ఇస్తే ఆ ఆదేశం దేన్నీ మార్చదు. ప్రాంప్ట్ (లోపించిన వివరాన్ని అడగడం), ఇంటర్‌కామ్, ఎంఎస్‌జీఐడీ (సందేశాల గుర్తింపు కోడ్‌లు చూపడం), ప్రిఫిక్స్ (పేరుకు ముందు చేరే భాగం) వంటి అమరికలు ప్రస్తుతం ఎలా ఉన్నాయో చూపి ఊరుకుంటుంది. ముందు 'నో' చేరి ఉంటే ఆ సౌకర్యం ఆపి ఉందని అర్థం. (ఇంటర్‌కామ్ అంటే ఫోను కాదని, ఇతర వాడుకరులు పంపే సందేశాలను స్వీకరించడమని కూడా ఆ రోజే తెలిసింది.)

కొటేషన్లు లేని పేరుకు టీఎస్‌ఓ తనంతట తానే ప్రిఫిక్స్‌ను ముందు తగిలిస్తుంది. మామూలుగా అది మన యూజర్‌ఐడీయే. నా తెరపై 'నోప్రిఫిక్స్' అని ఉంది. ఎప్పుడో సాధన చేస్తూ నేనే పెట్టిన ఆ అమరిక, ఎన్నిసార్లు లాగాఫ్ అయినా చెరగకుండా నా ప్రొఫైల్‌లోనే నిలిచిపోయింది. ప్రిఫిక్స్‌ను తిరిగి పెట్టగానే డేటాసెట్ తెరుచుకుంది.