సైకిల్ మీద అక్షరాల ఊరు

ఆర్ట్ గ్యాలరీ అంటే నాకు కొంచెం బోరే గానీ జర్మనీలోని కార్ల్స్‌రూహేలో జెడ్‌కేఎం అనే మీడియా ఆర్ట్ మ్యూజియం మాత్రం ఓ పట్టాన వదలబుద్ధి కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆయుధాల ఫ్యాక్టరీ అది, 300 మీటర్ల పైనే పొడవు, 1997 నుంచి లోపలంతా వీడియోలు, కంప్యూటర్లు, సౌండ్లే.

అక్కడున్న వాటిలో జెఫ్రీ షా అనే ఆర్టిస్ట్ చేసిన 'లెజిబుల్ సిటీ' గురించి చెప్పాలి. పెద్ద స్క్రీన్ ముందు ఓ సైకిల్ బిగించి ఉంటది, ఎక్కి తొక్కితే స్క్రీన్‌లో వీధులు కదుల్తాయి, కాకపోతే బిల్డింగులు ఉండాల్సిన చోట అన్నీ నిలువెత్తు అక్షరాలే, వరసగా చదువుకుంటూ పోతే వాక్యాలు, హ్యాండిల్ ఎటు తిప్పితే అటు కథ మారిపోద్ది, అక్షరాల మధ్యలోంచి దూరిపోయినా అడిగేవాడు లేడు. 1989లో న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ వీధులతో మొదలెట్టి తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, కార్ల్స్‌రూహే కూడా చేశారు. అప్పటికి మా వీధిలో టీవీ ఉన్న ఇల్లే ఒకటి!

ఆయిల్ పెయింటింగైతే గోడకి తగిలించి వదిలేయొచ్చు, ఇక్కడ మెషీన్ చస్తే బొమ్మ కూడా చచ్చినట్టే, అందుకే పాత వీడియో టేపులు ఆడించడానికి ఆ కాలం నాటి ప్లేయర్లు బాగుచేసుకునే ల్యాబే పెట్టుకున్నారు. ఆఫీసులో పాత కోడ్ ముట్టుకోమంటేనే తల పట్టుకునే బ్యాచ్ మనది, దణ్ణం పెట్టాలనిపించింది.

సైకిల్ వీడియో చెల్లికి పంపితే "జిమ్‌లో చేరావా అన్నయ్యా" అంది.