మా ట్రేలో పక్కింటి ఆకు బొమ్మ

పొద్దున కాఫీ తాగుతూ చూస్తే ప్రింటర్ ట్రేలో మేము తీయని కాగితం ఒకటి ఉంది. కిరణజన్య సంయోగక్రియ బొమ్మ, పచ్చటి ఆకు, కింద పేరు, రోల్ నంబరు. పై ఫ్లాట్‌లో ఏడో తరగతి చదివే బాబుది. వాళ్లమ్మ రాత్రి ఫోన్లో ప్రింట్ నొక్కి, జాబితాలో కనిపించిన మొదటి ప్రింటర్‌కి పంపేశారట. అది మాది.

కాగితం ఇచ్చేసి వచ్చాను కానీ టెన్షన్ తగ్గలేదు. నిన్ననే అదే ప్రింటర్ స్కానర్ అద్దం మీద నాన్న ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం పెట్టి స్కాన్ చేశాను. బీరువాలో తాళం వేసి దాచే కాగితాలన్నీ ఈ పెట్టెలోంచే వెళ్తున్నాయి, దీనికి మాత్రం తాళం లేదు.

నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీస్తే సంగతి తెలిసింది. ఇంటి వైఫైలో ఉన్నా ప్రింటర్ తన సొంత వైఫై కూడా విడిగా ఇస్తోంది, వైఫై డైరెక్ట్ అంటారు దాన్ని. దాని పాస్‌వర్డ్ 12345678. మూడేళ్ల క్రితం బిగించడానికి వచ్చినతను అలాగే వదిలేసి వెళ్లాడు, మేమూ చూసుకోలేదు. ఆ పేజీలోనే ఉన్న 192.168.1.7 అన్న అంకెలు బ్రౌజర్‌లో కొడితే ప్రింటర్ సెట్టింగులన్నీ తెరుచుకున్నాయి, పాస్‌వర్డ్ అడగనే లేదు. అక్కడ స్కాన్ బటన్ కూడా ఉంది! అంటే అద్దం మీద కాగితం మర్చిపోతే, మన నెట్‌వర్క్‌లోకి వచ్చినవాళ్లు ఎవరైనా పక్క గదిలోంచే దాన్ని లాక్కోవచ్చు.

ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టాను, వైఫై డైరెక్ట్ ఆపేశాను, ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేశాను. తర్వాత రౌటర్. 2018 నవంబరులో ఒకతను ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టి ఉన్న ప్రింటర్లను వెతికి, దాదాపు 50,000 వాటికి తనకిష్టమైన యూట్యూబర్ ప్రచారం పంపానని చెప్పుకున్నాడు. అందుకే బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లో పరికరాలకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ సెట్టింగులో, ప్రింటర్లు ప్రింట్‌లు అందుకునే పోర్ట్ 9100 ఏమైనా ఉందేమోనని చూశాను, లేదు. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో పరికరాన్ని వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ కూడా ఆపేశాను, రౌటర్ దాని ఎనిమిది అంకెల పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుంది.

అసలు కష్టం ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చడం. ఇన్నాళ్లూ అది నాన్న ఫోన్ నంబరే, అపార్ట్‌మెంట్ అంతా తెలుసు. కొత్తగా పెట్టిన ఇరవై అక్షరాలు ప్రింటర్ మీది రెండు లైన్ల తెరలో, బాణం బటన్ నొక్కుతూ ఒక్కో అక్షరం దగ్గరికి వెళ్లి ఎక్కించాలి. చిన్న ఎల్ బదులు ఒకటి అంకె పడి రెండుసార్లు మొదటికొచ్చింది. నారింజ లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. మూడోసారి నీలం వెలిగి నిలబడింది. గెస్ట్ వైఫైలో పెడదామనీ చూశాను కానీ అందులో పరికరాలు ఒకదానికొకటి కనబడవు, నాన్న ఫోన్లోంచి ప్రింట్ రాదు.

"ఇంత పని ఎందుకురా, పైవాళ్లేమైనా దొంగలా?" అన్నాడు నాన్న. వాళ్ల గురించి కాదు నాన్నా అని, ఆయన పాసుపుస్తకం స్కాన్‌ని అదే బ్రౌజర్లోంచి ఎలా తీయొచ్చో చేసి చూపించాను. ఏమీ మాట్లాడకుండా లేచి, మూత ఎత్తి అద్దం మీద ఏమైనా ఉండిపోయిందా అని చూశాడు.

సాయంత్రం బాబు మళ్లీ వచ్చాడు, వేర్ల బొమ్మ కావాలని. వాళ్లమ్మ నాకు పంపించారు, రంగుల్లో తీసి ఇచ్చాను.