ఏడింటికి మెసేజ్ రాకపోతే

నా ఉద్యోగం గురించి వింటే ఎవరికైనా హాయిగానే అనిపిస్తుంది. అడవిలో ముందే గుర్తుపెట్టి ఉంచిన చోట్లకు వెళ్లి చెట్లను కొలిచి రావాలి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను చుట్టూ టేపు వేసి చుట్టుకొలత రాసుకోవాలి. ఎండిపోయినవి ఎన్ని, కొత్తగా మొలిచినవి ఎన్ని లెక్కపెట్టాలి. మొదట్లో ఇద్దరం వెళ్లేవాళ్లం. తోటి మనిషి వేరే పనికి మారాక, ఇంకొకరు వచ్చేదాకా అంటూ నన్నొక్కదాన్నే పంపడం మొదలుపెట్టారు. ఆ 'వచ్చేదాకా' మొదలై రెండేళ్లు దాటింది.

అడవిలో ఒక్కదాన్నే పని చేస్తానని తెలిస్తే చాలు, అందరూ ఒకటే అడుగుతారు. "ఆడదానివి, చేతిలో ఏం పెట్టుకుంటావు?" నేను కూడా మొదట అలాగే ఆలోచించి, నడుముకు ఒక కత్తి తగిలించుకుని తిరిగాను. దానితో కోసినవి కొన్ని తాళ్లు, ఒకసారి నా బొటనవేలు.

చివరికి నన్ను పడేసింది జంతువూ కాదు, మనిషీ కాదు. రాలిన ఆకులు.

పడిపోయిన రెండు మొద్దుల మధ్య సందులో ఆకులు నిండి, అచ్చం నేలలా కనిపించింది. అడుగు వేశాను, కాలు మోకాలి పైదాకా దిగిపోయింది. చీలమండ మెలిపడి, బూటు కింద ఎక్కడో ఇరుక్కుంది. నొప్పి కంటే ముందు నాకు బ్యాగు గుర్తొచ్చింది. టేపు పట్టుకుని చెట్ల చుట్టూ తిరిగేటప్పుడు బరువెందుకని దాన్ని ఇరవై అడుగుల దూరంలో ఒక చెట్టుకు ఆనించి వచ్చాను. ఫోన్ అందులోనే ఉంది. నీళ్లు, విజిల్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా అందులోనే. కంటికి కనబడుతూనే ఉంది, చేతికి మాత్రం అందదు.

అరిచాను. పది నిమిషాలకే గొంతు బొంగురుపోయింది. తర్వాత బుద్ధి వచ్చి, వంగి, సందులోకి చెయ్యి దూర్చి, కనబడని లేసును తడుముకుంటూ విప్పి, కాలిని బూటులోంచి లాక్కున్నాను. దాదాపు నలభై నిమిషాలు పట్టింది. ఆ బూటును ఒక కర్రతో పెకలించి, మళ్లీ తొడుక్కుని, గంటలోపు నడిచే దారిని మూడు గంటలు కుంటుతూ నడిచాను. ఆ మూడు గంటలూ ఒకటే లెక్క వేసుకున్నాను: ఎముక విరిగి ఉంటే? నేను ఆ నెలలో తిరగాల్సిన చోట్లు పద్నాలుగు. ఆ రోజు ఏ చోటికి వెళ్లానో భూమ్మీద ఒక్కరికీ తెలియదు.

రాత్రి అక్క కాలికి ఐసు పెడుతూ అడిగింది. "నువ్వు ఇంటికి రాకపోతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలే? ఏమని చెప్పాలి?"

నా దగ్గర సమాధానం లేదు. "అడవికెళ్లింది, రాలేదు అని చెప్పాలా?" అంది మళ్లీ.

అలా మొదలైంది కాగితం. మొదటిసారి రాసింది చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. 'సాయంత్రానికి వస్తాను, వీలైనప్పుడు ఫోన్ చేస్తాను.' వీలు కాకపోవడమే కదా అసలు సమస్య! మూడు నాలుగు సార్లు తిరగరాశాక ఒక రూపానికి వచ్చింది. ఆ రోజు వెళ్లే చోట్లు వరుస క్రమంలో, వాటి జీపీఎస్ అంకెలతో. బండి ఎక్కడ ఆపుతాను, దాని నంబరు ఏమిటి. ఏ రంగు చొక్కా వేసుకున్నాను. రక్తం గ్రూపు. ఎవరెవరికి ఫోన్ చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం గడియారం. ఐదింటికల్లా అడవి దాటాలని నా ప్లాన్. ఆరింటికి మెసేజ్ పెట్టాలి. ఏడు దాకా గడువు, ఎందుకంటే బండి టైరు పంచరైనంత మాత్రాన ఇంట్లో గుండెలు ఆగకూడదు. ఏడు దాటితే అక్క నాకు రెండుసార్లు ఫోన్ చేస్తుంది. ఏడున్నరకు మా పైఅధికారికి చేస్తుంది. ఎనిమిదికి ఎమర్జెన్సీ నంబరుకు చేసి కాగితం చదివి వినిపిస్తుంది. "ఇంకాసేపు చూద్దాం" అనకూడదని అక్కతో ఒట్టు వేయించుకున్నాను. ఆ మాట అనేది మన మీద ప్రేమ ఉన్నవాళ్లే.

నా వైపు నుంచి కూడా ఒక షరతు ఉంది. వరుస మార్చకూడదు. పక్కనే కదా, రేపటిది కూడా ఈరోజే కొలిచేద్దాం అనిపిస్తుంది. సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి చెప్పి వెళ్లగలిగితేనే మార్పు, లేకపోతే లేదు. ఈ ఒక్కటి పాటించడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఆఫీసులో కూడా ఒంటరిగా పనిచేసేవాళ్ల కోసం ఒక ఫారం ఉందని అప్పుడే తెలిసింది. అందులో సంతకానికి రెండు చోట్లు ఉన్నాయి. తిరిగి రావాల్సిన సమయం రాయడానికి మాత్రం గడి లేదు. అడిగితే వెనకవైపు రాసుకోమన్నారు.

తర్వాత జేబుల సంగతి. బ్యాగులో ఉన్నది నాది కాదు, ఒంటి మీద ఉన్నదే నాది అని ఆ మొద్దుల మధ్య తెలిసొచ్చింది కాబట్టి సామాను మొత్తం మళ్లీ సర్దాను. ఫోన్ జిప్పున్న ఛాతీ జేబులోకి వచ్చింది. సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది కాబట్టి లోపలికి వెళ్లగానే ఫ్లైట్ మోడ్‌లో పెడతాను. మ్యాపు ముందే దించుకుంటాను. కాల్ కలవని చోట కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళ్తుందని, మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా ఎమర్జెన్సీ కాల్ ఇంకో కంపెనీ టవర్ మీదుగా వెళ్లగలదని అప్పుడే తెలుసుకున్నాను. విజిల్ చొక్కా గుండీకి వేలాడుతుంది. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలి. కొన్నిచోట్ల మూడుసార్లు ఊదడమే ఆపద గుర్తు. ఒక సెలవు రోజు అక్కను అడవి అంచున నిలబెట్టి, లోపలికి పోయి, అరిచి, తర్వాత ఊది పరీక్షించాం. అరుపు ఆగిపోయిన చోటు దాటి చాలా దూరం దాకా విజిల్ వినపడింది. తిరిగొచ్చేసరికి అక్క ఒక చెట్టు కింద కూర్చుని దోమలను తిడుతోంది.

రెండు రోజుల ప్రథమ చికిత్స శిక్షణకు కూడా వెళ్లాను. అందులో నన్ను భయపెట్టిన వస్తువు టోర్నికే, అంటే రక్తస్రావం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ. తొడలో పెద్ద రక్తనాళం తెగితే మనిషికి మిగిలేది కొద్ది నిమిషాలే. పక్కన ఎవరూ లేనప్పుడు ఆ నిమిషాల్లో కట్టుకోవాల్సింది మనమే, అదీ ఒక్కోసారి ఒంటి చేత్తో. గాయానికి ఐదారు సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా చుట్టి, రక్తం ఆగేదాకా పట్టీకి ఉన్న పుల్ల తిప్పాలి, కట్టిన టైము రాయాలి. మొదటి ప్రయత్నంలో నాకు రెండు నిమిషాల పైనే పట్టింది. శిక్షకుడు గడియారం చూసి, "అమ్మా, మీరు వెళ్లిపోయారు" అన్నారు. గదంతా నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక రోజూ టీవీ ముందు కూర్చుని కట్టుకుంటూ అర నిమిషానికి తెచ్చాను. సరిగ్గా బిగిస్తే విపరీతంగా నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టిందని వదులు చేస్తే కట్టినా లాభం లేదు.

అదే పట్టీని పాము కాటుకు మాత్రం వాడకూడదు. అక్కడ కోయడం, పీల్చడం, బిగించి కట్టడం అన్నీ హానే. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరాలి. ఒంటరిగా ఉన్నప్పుడు 'కదలకుండా', 'త్వరగా' ఈ రెండూ కుదరవు కదా అని అడిగాను. "అందుకే మీరు కదలడం కంటే సాయం మీ దగ్గరికి రావడం మేలు" అన్నారు. మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాను.

ఈ క్రమంలో నేను మానేసింది చైన్‌సా, అంటే మోటారుతో నడిచే గొలుసు రంపం. దారికి అడ్డంగా పడ్డ చెట్లను కోయడానికి చిన్నది ఒకటి ఇచ్చారు. గొలుసు సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. గొలుసు తిరిగే పొడవాటి రేకును బార్ అంటారు, దాని కొసలో పై భాగం దేనికైనా తగిలితే, మన కన్ను ఆర్పేలోపు మిషను ఎగిరి మన వైపే వస్తుంది. దానికోసం ప్రత్యేకమైన ప్యాంటు ఉంటుంది. గొలుసు తగలగానే లోపలి పొడవాటి దారాలు బయటికి వచ్చి గొలుసును తిప్పే చక్రానికి చుట్టుకుని మిషనును ఆపేస్తాయి. మంచిదే. కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పడి ఉన్న చెట్టు. వంగి, బిగుసుకుని ఉన్న మాను కోత పడగానే స్ప్రింగులా తిరగబడుతుంది. 1993లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒకాయన ఒంటరిగా చెట్టు కోస్తుంటే అది అలాగే కాలి మీద పడింది. అరిస్తే వినేవాళ్లు లేరు. చివరికి జేబులో ఉన్న చిన్న కత్తితో మోకాలి కింద తన కాలు తానే కోసుకుని, పాక్కుంటూ బయటపడి బతికాడు. అది చదివిన మర్నాడే చైన్‌సా తిరిగి ఇచ్చేశాను. ఒంటరిగా ఉన్న రోజు చేతిరంపంతో తెగనిది తెగకుండానే ఉంటుంది, నేను చుట్టు తిరిగి వెళ్తాను. మా పైఅధికారి వారం రోజులు మొహం ముడుచుకున్నారు.

పైకి చూడడం కూడా అలవాటు చేసుకున్నాను. విరిగి, కింద పడకుండా ఇంకో కొమ్మ మీద వేలాడే ఎండుకొమ్మలను ఇంగ్లీషులో 'విడో మేకర్' అంటారు, అంటే భార్యను విధవను చేసేదని. నాకు పెళ్లి కాలేదు, అయినా చూసే కూర్చుంటాను. గాలి గట్టిగా వీచే రోజు లోపలికి వెళ్లను. జంతువుల విషయంలో నేను చేసేది చాలా తక్కువ. మలుపుల దగ్గర, వాగు చప్పుడు ఉన్నచోట గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తాను, ఎందుకంటే చాలా జంతువులు ఉలిక్కిపడితేనే మీదికొస్తాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టను. ఎదురుపడితే పరుగెత్తకుండా వెనక్కి తగ్గుతాను.

మనుషుల సంగతి వేరు. ఒకసారి ఎవరూ ఉండకూడని చోట ఇద్దరు కనిపించారు. పక్కన అప్పుడే నరికిన మొదలు, పచ్చి చెక్క వాసన. నన్ను చూసి లేచారు. నేను ఫోటో తీయలేదు, ఏం చేస్తున్నారని అడగలేదు. "మావాళ్లు ఇటు వచ్చారా?" అని గట్టిగా అడిగి, లేదనిపించుకుని, "అయితే వెనకే ఉన్నట్టున్నారు" అంటూ వచ్చిన దారినే నడిచాను. చేతులు వణుకుతున్నాయి కానీ నడక మాత్రం మార్చలేదు. బండిని ఎప్పుడూ బయటికి ముఖం పెట్టి ఆపుతాను, తాళం జేబులోనే ఉంటుంది. ఆ రోజు ఆ రెండూ పనికొచ్చాయి. రోడ్డెక్కి సిగ్నల్ వచ్చాకే ఆఫీసుకు చెప్పాను. నడుముకు కత్తి ఉన్నా చేసేది ఏమీ లేదు. కత్తి వాడాలంటే మనిషికి దగ్గరగా వెళ్లాలి, నాకు కావాల్సింది దూరం.

అన్నిటికంటే చివర్లో వచ్చింది బీకన్, అంటే ఆపదలో నొక్కే చిన్న పరికరం. నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్లకు ఆపద సంకేతం పంపుతుంది, కనీసం 24 గంటలు పంపుతూనే ఉంటుంది. నెలవారీ చందా ఉండదు, పేరు మాత్రం రిజిస్టర్ చేయించాలి. అందులో అక్క నంబరు కూడా ఇచ్చాను, ముందు ఆవిడకే ఫోన్ వస్తుంది. భారత్ లాంటి కొన్ని దేశాల్లో శాటిలైట్ పరికరాలకు ముందస్తు అనుమతి ఉండాలి, కొనేముందే కనుక్కోవాల్సిన విషయం ఇది. కొన్న రోజు ఎంతో ధీమాగా అనిపించింది. ఇక కాగితం ఎందుకే అన్నాను అక్కతో. "స్పృహ తప్పితే ఎవరు నొక్కుతారు?" అంది. నేను ఏమీ చెయ్యలేని స్థితిలో ఉన్నా పనిచేసేది ఆ కాగితం ఒక్కటే.

అది నిజంగా పనిచేసిన రోజు నాకేమీ కాలేదు. ఐదింటికే బయటపడ్డాను. దారిలో పాత సహోద్యోగి కనబడితే బండి ఆపి మాటల్లో పడ్డాను. ఫోన్ ఇంకా ఫ్లైట్ మోడ్‌లోనే ఉంది. ఎనిమిదీ పది దాటాక చూసుకుని గుండె జారింది. మోడ్ తీయగానే మెసేజ్‌లు కుప్పలా వచ్చి పడ్డాయి. వెనక్కి తిప్పుకుని వెళ్లేసరికి, నేను రోజూ బండి ఆపే చోట ఇద్దరు టార్చిలైట్లతో దిగి ఉన్నారు. ఒకరి చేతిలో నా చోట్ల అంకెలు, చొక్కా రంగుతో సహా. నేల చీలితే దూరిపోదును అనిపించింది. వాళ్లు తిట్టలేదు, ఒకాయన నా చొక్కా మీద టార్చి వేసి, "ఆకుపచ్చ అన్నారు, సరిపోయింది" అని రాసుకున్నాడు. ఆకుపచ్చ చొక్కా అడవిలో ఎలా కనబడుతుందమ్మా అని మాత్రం అడిగాడు. మర్నాడే నారింజ రంగుది కొన్నాను.

తిట్లన్నీ ఇంట్లో పడ్డాయి. ఇప్పుడు ఐదుంపావుకు ఫోన్‌లో అలారం మోగుతుంది, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా మోగుతుంది. కాగితం కిందిభాగంలో అక్క తన చేతిరాతతో ఒక వరుస చేర్చింది, నేనెంత అడిగినా కొట్టేయనివ్వడం లేదు: "ఈవిడకు మతిమరుపు. ముందు నేను ఫోన్ చేసి తిడతాను, ఎత్తకపోతేనే మీరు బయల్దేరండి."