దేవుడి మూలకి ఏసీ గాలి

మాది పల్నాడులో రెంటచింతల పక్క ఊరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటే మావైపు సామెత అనుకోరు, వాతావరణ సూచన అనుకుంటారు. అక్కడ ఏసీ లేకుండా పెరిగినదాన్ని, సియాటిల్ దగ్గర బాథెల్‌లో ఎండకి భయపడి ఏసీ పెట్టిస్తున్నానంటే మా అమ్మ ఫోన్‌లో పడీపడీ నవ్వింది.

2021 జూన్ 28 సంగతి ఆవిడకేం తెలుసు! ఆ రోజు ఇక్కడి ఎయిర్‌పోర్టు దగ్గర 108 ఫారన్‌హీట్, అంటే 42 డిగ్రీలు. మన ఊళ్ళో 42 లెక్కలోకి రాదు నిజమే. కానీ ఇక్కడి ఇళ్ళు కట్టేదే వేడిని లోపల దాచుకోవడానికి. పోనీ మేడ మీద పడుకుందామంటే మేడ ఏదీ? పిల్లలిద్దరికీ తడి తువ్వాళ్ళు కప్పి గరాజ్‌లో సిమెంటు నేల మీద పడుకోబెట్టాం.

ఆ తర్వాత కూడా వాయిదాలు వేసీ వేసీ, చివరికి మొన్న మే నెలలో మినీ స్ప్లిట్‌కి ఒప్పుకున్నాం. మా ఇంట్లో ఉన్నవి గోడల అడుగున ఉండే బేస్‌బోర్డ్ హీటర్లు, గదిగదికీ గాలి తీసుకెళ్ళే డక్టులు లేవు. అందుకే గోడకి బెజ్జం కొట్టి రాగి పైపులు బయటి యూనిట్‌కి తీసుకెళ్ళే ఈ రకం.

ముందురోజు పని అంతా ఇంతా కాదు. ఏసీ పెట్టేవాళ్ళ వ్యాన్‌కి డ్రైవ్‌వే ఖాళీ చెయ్యాలి, గోడ దగ్గర నిచ్చెనకి చోటు ఇవ్వాలి, కరెంటు ప్యానెల్ దాకా దారి ఉండాలి. మా ప్యానెల్ ముందు ఉన్నవి సోనా మసూరి బస్తాలు, ఆవకాయ జాడీ, పోయినసారి ఊరి నుంచి వచ్చాక ఇంకా తెరవని సూట్‌కేసు. సోఫాకీ టీవీకీ పాత దుప్పట్లు కప్పేశా.

అప్పుడు మా పదకొండేళ్ళది అడిగింది: "అమ్మా, గాలి దేవుడి వైపు వస్తుంది కదా, దీపం ఆరిపోదూ?"

రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకోవే అని పదిసార్లు అరిస్తేగానీ కదలని పిల్ల! నేను మాటల్లో పడి ఉండగానే, ఏసీ పెట్టాలనుకున్న గోడ దగ్గర స్టూలు మీద టేబుల్ ఫ్యాన్ ఎక్కించింది, ప్రమిద వెలిగించింది. రెండో క్షణంలో దీపం కొండెక్కింది. ఎదురు గోడకి ఫ్యాన్ మార్చి చూసింది. ఒత్తి కాస్త వణికింది, ఆరలేదు. ఏసీ ఇక్కడే అని ఆ గోడకి టేపుతో ఇంటూ మార్కు పెట్టేసింది.

పొద్దున్న వచ్చినాయనకి అదే చెప్పింది, ఇక్కడ రోజూ చిన్న మంట ఉంటుంది అని. "గ్యాస్ పైలట్ లైటా?" అన్నాడు పాపం, సీరియస్‌గా, గ్యాస్ హీటర్లలో ఆరకుండా వెలిగే చిన్న మంట అనుకుని. కాదు, దేవుడికి, అంది. ఆయన తలూపి పైపులు కొలుచుకున్నాడు. కొత్త చోటికి పైపు పొడుగెక్కినందుకు పడిన డబ్బులు మా ఆయన ఇంకా తల్చుకుంటూనే ఉన్నాడు.

బుడ్డోడి గొడవ వేరు. గుమ్మంలో నిలబడి చెప్పుల స్టాండ్ చూపించాడు. వాళ్ళు నవ్వి బూట్ల మీద నీలం తొడుగులు వేసుకున్నారు. "అయితే రేపట్నుంచి నేనూ కవర్ వేసుకుని లోపలికొచ్చేస్తా," అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

మజ్జిగ ఇస్తానంటే అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది, వాళ్ళ నీళ్ళు వాళ్ళే తెచ్చుకుంటారట. ఇచ్చా. ఒకాయన తాగి, కరివేపాకు తినాలా తియ్యాలా అని అడిగాడు.

సాయంత్రానికి ఇల్లు చల్లబడింది. ఊడ్చుకుంటూ వెళ్ళి దేవుడి మూల చూస్తే గుండె ఆగింది. సోఫాకి దుప్పటి కప్పినదాన్ని, దేవుడికి కప్పడం మర్చిపోయా. గోడ కోసిన తెల్లదుమ్ముతో వెంకటేశ్వరస్వామి ఒళ్ళంతా విభూతి పూసుకున్నట్టు ఉన్నాడు. అమ్మాయి అప్పటికే కింద కూర్చుని, స్వామిని ఒళ్ళో పెట్టుకుని, టూత్‌బ్రష్‌తో కిరీటం సందులు తోముతోంది.

"బ్రష్ కొత్తదేనా?" అన్నా.

"తమ్ముడిది," అంది.