‘ఈమెను పంపివేయుము’ అన్నది ఎవరు?

మత్తయి సువార్త 15వ అధ్యాయం, 21 నుంచి 28 వరకు. మొత్తం ఎనిమిది వచనాలు, చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టవు. అయినా కుటుంబ ప్రార్థనలో ఈ భాగం వచ్చిన రోజు చదివేవాళ్ల గొంతు కాస్త తగ్గుతుంది. బిడ్డకు బాగాలేదని కేకలు వేస్తూ వచ్చిన తల్లికి ప్రభువు ముందు జవాబే ఇవ్వలేదు. తర్వాత, నేను పంపబడింది ఇశ్రాయేలీయుల కోసమే, మీ వాళ్ల కోసం కాదన్నాడు. ఆపైన పిల్లలు, రొట్టె, కుక్కపిల్లలు అంటూ మాట్లాడాడు. కుష్ఠరోగిని చేయి చాపి ముట్టినవాడు, నాయీనులో విధవరాలిని చూసి ఏడవవద్దన్నవాడు ఇలా ఎందుకు మాట్లాడాడు?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. ఎక్కువ ప్రసంగాల్లో జరిగేది అదే. ‘ప్రభువు ఆమె విశ్వాసాన్ని పరీక్షించాడు’ అని ఒక్క మాటతో దాటేస్తారు. అది పూర్తిగా తప్పని అనలేం గానీ, ‘పరీక్ష’ అన్న మాట ఈ వాక్యభాగంలో ఎక్కడా లేదు. ఉన్న మాటలను పట్టుకుని చూద్దాం.

ముందు చోటు. యేసు గలిలయ దాటి తూరు, సీదోను ప్రాంతాలకు వెళ్లాడు. ఈనాటి లెబనాను తీరమది. మార్కు 7:24 ప్రకారం ఆయన ఒక ఇంట్లో ఉన్నాడు, తానక్కడున్నట్టు ఎవరికీ తెలియకూడదనుకున్నాడు. ఆ స్త్రీని మార్కు ‘సురోఫెనికయ వంశమందు పుట్టిన గ్రీసు దేశస్థురాలు’ అంటాడు. మత్తయి మాత్రం ‘కనాను స్త్రీ’ అంటాడు. ఇశ్రాయేలీయుల పాత శత్రువులు కనానీయులు. అప్పటికి ఆ పేరు దాదాపు పాత గ్రంథాల్లోనే మిగిలింది. మత్తయి ఆ పాత శత్రువుల పేరును కావాలనే వాడాడు. యూదుడైన పాఠకుడు ఆ పేరు వినగానే ముఖం చిట్లించాలి, ఆ ముఖంతోనే కథ చివరిదాకా రావాలి.

ఇంకో సంగతి ప్రసంగాల్లో దాదాపు వినపడదు. తూరు ఓడరేవు పట్టణం, వ్యాపారంతో బలిసిన ఊరు. తిండిగింజలు మాత్రం లోపలి ప్రాంతం నుంచే రావాలి. అపొస్తలుల కార్యములు 12:20లో తూరీయులు, సీదోనీయులు హేరోదు దగ్గరకు రాజీకి వచ్చిన కారణం అదే: వాళ్ల దేశానికి గ్రాసం అతని రాజ్యం నుంచి వెళ్తోంది. పంట పండించేది గలిలయ రైతు, డబ్బు పెట్టి తినేది తూరు పట్టణం. ఆ సరిహద్దులో ‘పిల్లల రొట్టె’ అన్న మాటకు నిజమైన రొట్టె వాసన ఉంది. ఈ తల్లి పేదరాలో కాదో మనకు తెలియదు. ఆమె ఊరు మాత్రం గలిలయ పల్లెల ముందు చేయి చాచే ఊరు కాదు. ఇది తెలిస్తే ‘బలవంతుడు బలహీనురాలిని కసిరాడు’ అన్న తేలిక చిత్రం నిలవదు.

ఇప్పుడు ఆ కష్టమైన మాటకు వద్దాం. ‘పిల్లల రొట్టె తీసికొని కుక్కపిల్లలకు వేయుట యుక్తము కాదు.’ మన తెలుగు బైబిలు ఇక్కడ ‘కుక్కపిల్లలు’ అనడం సరైన అనువాదం. గ్రీకులో ఉన్నది ‘కునారియోన్’, అంటే ఇంట్లో తిరిగే చిన్న కుక్క. మత్తయి 7:6లో పరిశుద్ధమైనది కుక్కలకు పెట్టకుడి అన్నచోట ఉన్న మాట వేరు, అవి వీధి కుక్కలు. ఇంగ్లీషు బైబిళ్లలో చాలావరకు రెండుచోట్లా ఒకే మాట పడి ఈ తేడా పోయింది, మనకు నిలిచింది. అయితే దీని మీదే మొత్తం బరువు పెట్టకూడదు. మార్కు ఇదే సంఘటనలో చిన్న కూతురు, చిన్న ముక్కలు అని అన్నిటికీ చిన్నదనం సూచించే రూపాలే వాడతాడు, అది అతని భాషా ధోరణి కూడా కావచ్చు. పైగా పిల్ల అన్నంత మాత్రాన కుక్క కుక్క కాకుండా పోదు. ఆ మాట ఆమెకు గుచ్చుకునే ఉంటుంది. దాన్ని ముద్దుమాటగా మార్చి చెప్పే బోధకుడు ఆమె నొప్పిని తీసేస్తున్నాడు. నొప్పి తీసేస్తే ఆమె జవాబులోని తెగువ కూడా పోతుంది.

మార్కు సువార్తలో ఇంకో చిన్న మాట ఉంది: ‘పిల్లలు మొదట తృప్తి పొందవలెను.’ మొదట. వరుస ఉన్నచోట తర్వాత అనేది కూడా ఉంటుంది. ఆమె పట్టుకున్నది ఆ సందునే. ‘నిజమే ప్రభువా’ అని ఒప్పుకుని, కుక్కపిల్లలు కూడా యజమానుల బల్ల మీదినుంచి పడే ముక్కలు తింటాయి గదా అంది. ఆయన రొట్టె తీసి విసరడం గురించి మాట్లాడితే ఆమె బల్ల కింద నుంచి మాట్లాడింది. పిల్లల తిండి తగ్గించమనలేదు, వాళ్ల భోజనం అయ్యేదాకా ఆగుతాననలేదు. వాళ్లు తింటుండగానే ముక్కలు పడతాయి కదా!

ఇక శిష్యుల సంగతి. ఈ భాగం చదివేవాళ్ల కళ్లన్నీ ప్రభువు మీదే ఉంటాయి గాని, అసలు కఠినమైన కోరిక శిష్యులది: ‘ఈమె మన వెంబడి వచ్చి కేకలు వేయుచున్నది గనుక ఈమెను పంపివేయుము.’ పెన్సిలు తీసుకుని ఈ ‘పంపివేయు’ కింద గీత గీయండి. తర్వాత ఒక అధ్యాయం వెనక్కి, 14:15కి వెళ్లండి. ఐదువేల మంది ఆకలితో ఉన్నప్పుడు శిష్యులు అన్నదీ అదే, జనసమూహములను పంపివేయుము. ఇప్పుడు 15:32కు రండి. నాలుగువేల మందిని చూసి ప్రభువు అంటున్నాడు: వారిమీద కనికరపడుచున్నాను, వారిని ఉపవాసముతో పంపివేయుటకు నాకు మనస్సు లేదు. గ్రీకులో మూడుచోట్లా ఒకటే క్రియ, తెలుగులోనూ ఒకటే మాట. ఆ మూడు గీతలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే కనాను స్త్రీ కథ వేరేగా కనిపిస్తుంది. మౌనంగా ఉన్నాడు, కాదన్నాడు, గుచ్చుకునే మాట అన్నాడు. పంపివేయలేదు. మత్తయిలో ‘వెళ్లిపో’ అన్న మాట ఆయన నోట రానేలేదు. అందుకే ఆమె వెనక నుంచి కేకలు వేయడం ఆపి ముందుకు వచ్చి, మ్రొక్కి, ‘ప్రభువా, నాకు సహాయము చేయుము’ అనగలిగింది. మొదటి ప్రార్థనలో ‘దావీదు కుమారుడా’ అనే బిరుదు ఉంది, కూతురి పరిస్థితి వివరంగా ఉంది. రెండోది నాలుగు మాటలకు తగ్గింది. కష్టం ముదిరేకొద్దీ ప్రార్థన ఇలాగే చిన్నదవుతుంది.

14 నుంచి 16 వరకు మూడు అధ్యాయాలనూ రొట్టె అనే ఒకే దారం కడుతుంది. అందుకే వీటిని ఒకే విడతలో, వీలైతే పైకి చదవాలి. 14లో ఐదువేల మందికి పెట్టాక పన్నెండు గంపలు మిగిలాయి. 15 మొదట్లో చేతులు కడుక్కోకుండా భోజనం చేశారని పరిసయ్యుల తగవు. మధ్యలో ఈమె అడిగిన ముక్కలు. ఆ వెంటనే నాలుగువేల మందికి భోజనం, ఏడు గంపలు మిగులు. 16లో శిష్యులు రొట్టెలు తేవడం మరిచామని గుబులుపడితే ‘అల్పవిశ్వాసులారా’ అని గద్దింపు. 14:31లో నీళ్ల మీద మునగబోయిన పేతురుకూ అదే మాట పడింది. గంపలు మోసినవాళ్లు రెండుసార్లు అల్పవిశ్వాసులయ్యారు, ముక్కలు అడిగిన పరదేశి మాత్రం ‘అమ్మా, నీ విశ్వాసము గొప్పది’ అనిపించుకుంది. మత్తయిలో ఇంతటి మెప్పు పొందినవాడు మరొక్కడే, 8వ అధ్యాయంలోని శతాధిపతి. అతడూ అన్యుడే. ఇద్దరి ఇళ్లలోనూ స్వస్థత దూరం నుంచే జరిగింది.

సీదోను ప్రాంతంలో ఇలాంటి సంగతి అంతకు ముందూ జరిగింది. 1 రాజులు 17లో ఏలీయా సారెపతు విధవరాలి దగ్గరకు వెళ్లాడు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె ఉన్నాయి. తానూ కొడుకూ తిని చనిపోవాలని పుల్లలు ఏరుకుంటోంది. అలాంటామెను పట్టుకుని, ముందు నాకో చిన్న అప్పం చేసి తే అన్నాడు ప్రవక్త. అక్కడా వరుసే మాట్లాడింది, ముందు నాకు, తర్వాత నీకు. ఆ కోరిక ఎంత కఠినమో ఆ పట్టెడు పిండి ముందు నిలబడి చూస్తేనే తెలుస్తుంది. మరి దాని పక్కనే వాగ్దానం ఉంది: వాన కురిసే రోజు దాకా పిండి తక్కువ కాదు, నూనె అయిపోదు. లూకా 4లో నజరేతువాళ్లకు యేసు ఈమెనే గుర్తుచేశాడు. వాళ్లకు కోపం వచ్చి ఆయన్ను కొండ కొమ్ముకు తీసుకెళ్లారు.

మన నేల మీద ఈ వాక్యానికి ఇంకో బరువుంది. తెలుగు క్రైస్తవుల్లో పెద్ద భాగం మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. విడిగా కూర్చోబెట్టడం, మిగిలింది పెట్టడం, కుక్కతో పోల్చడం వాళ్ల పెద్దల బతుకులో నిజంగా జరిగినవి. అలాంటి సంఘం ముందు ‘ఆమెలాగా మనల్ని మనం కుక్కలమని ఒప్పుకోవాలి’ అని బోధిస్తే పాత పుండును మళ్లీ కెలికినట్టే. వాక్యం అలా చెప్పడం లేదు. కథ ఆ మాట దగ్గర ఆగలేదు. ‘అమ్మా’ అన్న పిలుపు దగ్గరికి వచ్చింది. ఆమె ఒప్పుకున్నది వరుసను, తన బిడ్డకు చోటు లేదన్న మాటను ఎంతమాత్రం ఒప్పుకోలేదు. ‘నిజమే’ అంటూనే వాదించింది, ఆ వాదననే ప్రభువు విశ్వాసం అన్నాడు.

ఆపడం వేరు, పంపేయడం వేరు. ఈ తేడా ఒంగోలు చరిత్రలో కళ్లకు కట్టినట్టు ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం, తిండి కోసం వస్తున్నారేమోనన్న భయంతో, ఏడాదికి పైగా ఇవ్వలేదు. అడిగి అడిగి వెనక్కి వెళ్లినవాళ్లకు అది ఎంత కఠినంగా తోచిందో ఊహించవచ్చు. కానీ బాప్తిస్మం ఆపాడు గాని కూలి ఆపలేదు. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ చేసినదంతా సరైనదేనా అన్నది వేరే చర్చ. ఆలస్యం కూడా ఒకరకంగా వాళ్లను దగ్గర పెట్టుకోవడమే కాగలదని మాత్రం ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ వాక్యాన్ని పట్టుకుని జబ్బుపడ్డ ఇంటికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. ఐసీయూ బయట బల్ల మీద కూర్చున్న తల్లికి ‘కనాను స్త్రీలాగా విశ్వసించమ్మా, బిడ్డ బాగవుతాడు’ అంటారు. బాగవకపోతే ఆ తల్లి జీవితాంతం తన విశ్వాసం చాలలేదనుకుంటుంది. పౌలు తన ‘శరీరంలో ముల్లు’ అని చెప్పుకున్న బాధ, మూడుసార్లు వేడుకున్నా పోలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. అతనికి విశ్వాసం తక్కువని ఎవరూ అనరు కదా. అలాగే ‘దేవుడు శిక్షిస్తున్నాడు, ఏదో పాపం ఉంది’ అని ఎవరూ అనకూడదు. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ చేయలేదు, వీని కన్నవారూ చేయలేదని ప్రభువే చెప్పాడు. ‘ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి’ అన్న హెబ్రీయులకు 12:6 ఇక్కడ ఎక్కువగా తప్పుగా వాడతారు. అక్కడి గ్రీకు మాటకు పిల్లవాణ్ణి పెంచి తీర్చిదిద్దడం అని అర్థం. మన ‘శిక్ష’కూ ‘శిక్షణ’కూ ఒకటే వేరు, కానీ వాడుకలో శిక్ష అంటే జైలు, జరిమానా అయిపోయింది. 11వ వచనంలో ‘అభ్యాసము కలిగినవారికి’ అన్న మాట చూస్తే అది శిక్షణ గురించేనని తెలుస్తుంది. ఇది ఎవరికి వారు తమ జీవితం గురించి చెప్పుకోవలసిన మాట, ఎదుటివాడి మంచం పక్కన నిలబడి చెప్పేది కాదు.

మరి ఏం చెప్పాలి? మొదటి అరగంట ఏమీ చెప్పొద్దు. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నేల మీద ఊరికే కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడిపోయారు. తర్వాత చదవాలనిపిస్తే 13వ కీర్తన చదవండి. ఆరే వచనాలు, మొదలయ్యేదే ‘ఎన్నాళ్లవరకు’ అని అడగడంతో. మరీ చీకటిగా ఉంటే 88వ కీర్తన. అది చీకటిలోనే మొదలై చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని వెలుగులోకి లాగాలని చూడొద్దు. కనాను స్త్రీ భాగమే చదవమని వాళ్లు అడిగితే, జవాబు రాని 23వ వచనాన్ని గబగబా దాటకుండా అక్కడ కాసేపు ఆగండి. ఆ మౌనంలో ఉన్నవాడే సిలువ మీద ‘ఏలీ, ఏలీ’ అని కేక వేసినప్పుడు పైనుంచి ఏ జవాబూ వినలేదు. వాళ్లకు ఇష్టమైతే ఆ మాట చెప్పవచ్చు. ముందుగా టిఫిను, చార్జింగు వైరు, రాత్రి తోడు వీటి సంగతి చూడండి. ‘ఏదైనా కావాలంటే ఫోన్ చేయండి’ అని వచ్చేస్తే అది మర్యాదగా పంపివేయడమే.

మార్కు 7:30లో ఉన్న చివరి దృశ్యాన్ని మత్తయి చెప్పలేదు. యేసు ఆమె ఇంటికి రాలేదు, బిడ్డను ముట్టలేదు. ‘ఈ మాట చెప్పినందున వెళ్లుము, దయ్యము నీ కుమార్తెను వదలిపోయినది’ అన్నాడంతే. ఆమె మళ్లీ అడగలేదు, ఆనవాలు కోరలేదు, తోడు రమ్మనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటిదాకా నడిచింది. వెళ్లి చూసేసరికి పాప మంచం మీద పడుకుని ఉంది.