జ్వరం దిగిన రాత్రి

మా చిన్నోడు డెంగ్యూ నుంచి బయటపడి మళ్లీ బడికి వెళ్తున్నాడు కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. మాది జనగామ దగ్గర పల్లె. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికే. అర్ధరాత్రి తలుపు కొట్టినా వస్తాడు, డబ్బులు తర్వాత ఇచ్చినా ఏమనడు, అందుకే మా అత్తమ్మకు ఆయన మీద అంత గురి. ఆయనే పారాసిటమాల్ సిరప్ ఇచ్చి, జ్వరం వదలకపోయేసరికి ‘నా దగ్గర పెట్టుకోనమ్మా, రక్తపరీక్ష చేయించు’ అని టౌనుకు పంపాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు దండం పెడతాను.

టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే ఎందుకంటే కింద మెడికల్ షాపులో మా మరిదికి తెలిసినవాళ్లున్నారు, అంతే. రాత్రి పిల్లల డాక్టరు ఉంటారా అని నేను అడిగితే ‘మేం చూసుకుంటాం గదా’ అన్నారు.

టెస్టులూ సెలైన్లూ అయ్యాయి, సాయంత్రానికి జ్వరం దిగింది. గండం గడిచిందని అత్తమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. నాకు మాత్రం వాడి చూపు నచ్చలేదు. ఏం తాగించినా కక్కేస్తున్నాడు, కడుపు పట్టుకుని ముడుచుకుపోతున్నాడు, మధ్యాహ్నం నుంచి మూత్రం లేదు, అరికాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే ఎంతసేపటికీ ఎర్రబడదు. డ్యూటీలో ఉన్నతను ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘జ్వరమే లేదు కదమ్మా, ప్లేట్‌లెట్లు కూడా లక్ష ఉన్నాయి, మీరు టెన్షన్ పడి మమ్మల్ని టెన్షన్ పెట్టకండి’ అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

ఇక వరండాలో పంచాయితీ. మరిది కార్పొరేట్ అంటాడు, అత్తమ్మ తెల్లారనియ్ అంటుంది, ‘సర్కారు దవాఖానల ఎవరు పట్టించుకుంటరు వదినా’ అని ఫోన్‌లో ఆడబిడ్డ, అడ్వాన్సుకు చేతిలో డబ్బుల్లేక మా ఆయన నోరు విప్పలేదు. మా ఊరి ఆశా వర్కరుకు ఫోన్ చేశాను. ‘అక్కా, తెల్లారేదాకా ఆగకు, హైదరాబాద్‌ల సర్కారు పిల్లల దవాఖాన నీలోఫర్‌కు పో, రాత్రంతా పిల్లల డాక్టర్లుంటరు’ అంది. పిల్లాణ్ని ఎత్తుకుని లేచాను. అప్పుడు మా ఆయన కారు మాట్లాడాడు. దారి పొడుగునా కొమురవెల్లి మల్లన్నకు మొక్కుతూనే ఉన్నాను.

అక్కడ డాక్టరమ్మ కాళ్లు ముట్టుకోగానే ఇంకేం అడగకుండా పని మొదలుపెట్టింది. డెంగ్యూలో జ్వరం దిగాకే అసలు ప్రమాదమట, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోయి బీపీ పడిపోతుందట. గంటగంటకూ బీపీ చూస్తూ, మూత్రం కొలుస్తూ, దాన్నిబట్టి సెలైన్ పెంచారు, తగ్గించారు. ప్లేట్‌లెట్లు ఎక్కించనే లేదు, మా దగ్గర పైసా తీసుకోలేదు. ఆ తల్లి పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

జ్వరం దిగాక పిల్లలకు కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడ్డ చేతులు కాళ్లు, మూత్రం తగ్గడం, చిగుళ్లలో రక్తం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా, ఆగమని ఎవరు చెప్పినా వినకుండా వెంటనే పిల్లల డాక్టరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. డెంగ్యూ అనుమానముంటే నొప్పుల ఇంజెక్షన్ వేయనివ్వకండి. చేర్చేముందే రాత్రి పిల్లల డాక్టరు అక్కడే ఉంటారా, పిల్లల ఐసీయూ ఉందా అని అడగండి.

వచ్చే సంక్రాంతి తర్వాత మల్లన్న దగ్గరికి బోనంతో పోతాం. మా మరిది ఇప్పటికీ ఆ ఆసుపత్రి మంచిదే అంటాడు. నేను మాత్రం ఆ మెట్లు మళ్లీ ఎక్కను.