కడుపు నిండాకే చెప్పాడు, ముక్కలు ఏరమని

ప్రభువునందు ప్రియమైన అక్కచెల్లెళ్ళందరికీ వందనాలు. యోహాను 6:12 తీయండి. "వారు తృప్తిగా తినిన తరువాత ఆయన, ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడని తన శిష్యులతో చెప్పెను." ఐదు రొట్టెలు రెండు చేపలతో యేసయ్య అంత జనానికీ కడుపు నింపిన సంగతి సండే స్కూల్ పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు, కానీ ఈ వచనం దగ్గర ఎవరం ఆగం, పన్నెండు గంపలు మిగిలాయి హల్లెలూయ అనేసి ముందుకెళ్ళిపోతాం.

"తృప్తిగా తినిన తరువాత" అన్నది గమనించండి. అందరికీ కడుపు నిండిపోయింది, ఇంకెవరికీ అక్కర్లేదు, రొట్టెల్ని అంతమందికి సరిపెట్టినాయన ఎదురుగానే కూర్చున్నాడు, రేపు కావాలంటే మళ్ళీ చేస్తాడులే అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిగ్గా ఆ టైంలో ముక్కలు ఏరమన్నాడు యేసయ్య. లేనప్పుడు పొదుపు చెయ్యమని ఎవరూ చెప్పక్కర్లేదండి, అప్పుడు వేరే దారే ఉండదు. చేతిలో ఉన్నప్పుడు ఏరుకోవడమే కష్టం, అందుకే ఆ మాట ఆయన నోటితో చెప్పాల్సొచ్చింది అని నా నమ్మకం.

మన ఇళ్ళల్లో చూడండి, ఇరవయ్యో తారీఖు దాటాక ఏ ఇల్లాలూ ఒక్క చుక్క నూనె ఒలకబోయదు, తోటకూర కాడలు కూడా పులుసులో వేసేస్తుంది. జీతం పడిన మొదటి వారం సంగతి వేరు. ఆదివారం ఆరాధన అవ్వగానే బయట బిర్యానీ, ఆఫర్ ఉందని ఒకటికి రెండు ప్యాకెట్లు, పిల్లాడు ఏడ్చాడని ఏదో బొమ్మ, కొత్తిమీర కట్ట సగం వాడి సగం ఫ్రిజ్‌లో కుళ్ళబెట్టడం, అన్నీ ఆ వారంలోనే. నెలాఖరు ఇబ్బంది నెలాఖరులో పుట్టదు, ఒకటికీ పదికీ మధ్య పుడుతుంది. అందుకని డబ్బు చేతికొచ్చిన రోజే ముందు దశమభాగం, అంటే దేవుడికిచ్చే పదో వంతు, తర్వాత అద్దె, స్కూల్ ఫీజు, పాలు, గ్యాస్ ఎవరివి వాళ్ళకి కవర్లలో పెట్టేసి పక్కన పెట్టెయ్యండి, మిగిలిందే మన చేతి ఖర్చు.

ఇలా లెక్కలేసుకోవడం విశ్వాసం లేకపోవడమే అంటారు కొంతమంది, నేను ఒప్పుకోను. అదే యోహాను 6లో శిష్యుడు ఫిలిప్పు గబగబా లెక్కేశాడు, రెండువందల దేనారాల రొట్టెలు కొన్నా ఒక్కొక్కరికి కొంచెం కొంచెం కూడా రాదని. దేనారమంటే కూలివాడి ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్ళకి యజమాని ఇచ్చింది అదే. అంటే రెండువందల రోజుల కూలి డబ్బు. ఆ లెక్క వేసినందుకు ప్రభువు ఫిలిప్పుని ఒక్క మాట అనలేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో తనే అడిగాడు. ఇంకోటి, ఆ రొట్టెలు యవల (బార్లీ) రొట్టెలని నాలుగు సువార్తల్లో యోహాను ఒక్కడే రాశాడు. గోధుమ కొనలేని పేదింటి తిండి అది, మనకి జొన్నరొట్టె ఎలాగో అలాగ. ఆయన ఎత్తి కృతజ్ఞతలు చెప్పింది దానికే.

"ఏమియు నష్టపడకుండ" అన్నది వంటింట్లో ఎలా ఉంటుందో ఒక్క బీరకాయతో చెప్తాను. లేతవి చూసి కొని, చెక్కు తీయకముందే శుభ్రంగా కడగండి. కూరకి చెక్కు తీశాక గట్టి ఈనెలు మాత్రం పారేసి, మిగతా చెక్కుని రెండు స్పూన్ల నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గనిచ్చి, విడిగా నువ్వులు ఎండుమిర్చి వేయించుకుని, కాస్త చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరి పోపు పెడితే రెండు పూటలకి పచ్చడి. అలాగే కందిపప్పు ఓ గంట ముందు నానబెడితే విజిల్స్ తగ్గుతాయి, గ్యాస్ కలిసొస్తుంది, పులిసిన ఇడ్లీ పిండిలో ఉల్లిపాయ పచ్చిమిర్చి కలిపితే అట్లు, మిగిలిన అన్నం పొద్దున్నే పెరుగేసి చద్దన్నం. ఇవన్నీ మన అమ్మలు చేసినవే, కొత్తేం లేదు.

కానీ పనమ్మాయి జీతంలో కోత కోసి, కూరగాయల బండి ముసలమ్మతో ఐదు రూపాయలకి గొడవపడి దాన్ని పొదుపు అనుకోకండి. ఇవ్వకుండా బిగబట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది, ఆ డబ్బు ఇంట్లో ఉంటే ఆశీర్వాదం ఎలా ఉంటుంది?

కుక్కడం కూడా పొదుపు కాదు. నిర్గమకాండం 16లో మన్నాని, అంటే అరణ్యంలో దేవుడు రోజూ ఇచ్చిన ఆహారాన్ని, రేపటికని దాచుకున్నవాళ్ళది పురుగు పట్టి కంపు కొట్టింది, అదే మన్నా విశ్రాంతి దినం కోసం ఆరో రోజు రెండింతలు ఏరుకుని ఉంచితే పాడవలేదు. దేవుడు చెప్పినప్పుడు ఏరుకోవడం వేరు, రేపు ఉంటుందో లేదో అన్న భయంతో దాచుకోవడం వేరు. చవగ్గా వచ్చిందని ఐదు కేజీల రవ్వ కొని డబ్బాలో పురుగులు పట్టించడం ఆ రెండో రకమే.

అప్పు విషయంలో 2 రాజులు 4 చదవండి. ఒక విధవరాలు ఎలీషా ప్రవక్తకి మొరపెట్టుకుంది, చనిపోయిన ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, భక్తిపరుడు, అయినా అప్పుంది, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. అప్పుల్లో ఉన్న విశ్వాసుల ఇంటిని చూసి భక్తి లేదు కాబట్టే అలా అయింది అనే నోళ్ళకి ఈ వచనమే జవాబు. ఆమె ఇంట్లో ఉన్న కాస్త నూనెతోనే అద్భుతంగా పాత్రలన్నీ నిండాక ఎలీషా ఏం చెప్పాడు, అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. ఆ వరస మనకి డిసెంబరులో బాగా గుర్తుండాలి. ఇంటికి సున్నం, స్టార్, కేకు, అందరికీ కొత్త బట్టలు, వీటికోసం వడ్డీకి తెచ్చి జనవరి నుంచి కట్టుకుంటూ కూర్చోవడం పశువుల తొట్టిలో పుట్టినాయన పండుగకి అస్సలు నప్పదు. పిల్లలకి మాత్రం కొత్త బట్టలు కొని, మనం ఉన్న మంచి చీర ఉతికి ఇస్త్రీ చేసుకుని గుడికెళ్తే చాలు.

మరి ఏరినదాంతో ఏం చెయ్యాలి? మిజోరంలో 1910 నుంచి మిజో ప్రెస్బిటేరియన్ సంఘంలో స్త్రీలు "బుహ్‌ఫై థామ్" అని పాటిస్తున్నారు, అంటే వండిన ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం దేవుని పనికి విడిగా తీసిపెట్టడం. పేద కుటుంబాలతో మొదలైన ఆ అలవాటు ఇప్పటికీ సాగుతోంది. మన తెలుగు పల్లె సంఘాల్లో కూడా గుప్పెడు బియ్యం ఉంది, టౌన్‌కి వచ్చాక మానేశాం. గుప్పెడు సుమారు 50 గ్రాములు వేసుకోండి, రెండు పూటలకి వంద గ్రాములు, నెలకి మూడు కేజీలు. నలుగురు అక్కలు కలిస్తే సంఘంలో ఒక విధవరాలికి నెల గ్రాసం అందుతుంది, మన కడుపుకి ఏ లోటూ తెలియదు. బియ్యం కొలిచాక, కడగకముందే తీయాలి. పొడి స్టీలు డబ్బా ఒకటి పెట్టుకుని రెండు ఎండు వేపరెబ్బలు వేసి ఉంచండి, నెల చివరి ఆదివారం గుడికి తీసుకెళ్ళండి.